అగ్బెకో మామయ్య, ఆడపిల్లల బాకా మేళం

అగ్బెకో మామయ్య బాకా ఎత్తితే ఊరి వెనకున్న ఉప్పుకయ్య నీళ్ళ అవతల ఉల్లిమళ్ళలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుం నిలబెట్టి వినేవాళ్ళు. అతను మా అమ్మకి స్వయానా తమ్ముడు. మా అఫీకోపె చర్చి మేళంలో మొదటి బాకా అతనిదే. ఈస్టర్ నాటి వేకువ ఊరేగింపులో మామయ్య ముందు నడుస్తూ ఊదుతుంటే ఒళ్ళు ఝల్లుమనేది. నడవలేని ముసలాళ్ళు కూడా చాపల మీద లేచి కూర్చుని "లేచాడు! లేచాడు!" అని కేకలు పెట్టేవాళ్ళు. ప్రభువు లేచాడన్న కబురు మా ఊరికి ముందు ఆ బాకా చెప్పేది, పాస్టరుగారు ఆ తర్వాతే చెప్పేవారు.

అలాంటి మనిషికి రాజధానిలోని పోలీసు మేళం నుంచి పిలుపొచ్చింది. నేనప్పుడు చిన్నపిల్లని. మామయ్యకి ఎన్యోనం అత్తయ్యతో అప్పుడప్పుడే పెళ్ళయింది. అత్తయ్య చేపలు పొగబెట్టే పొయ్యిల దగ్గర నిలబడి, దారినపోయే వాళ్ళనందరినీ ఆపి మరీ చెప్పేది.

"మా ఆయన ఇంక ఇస్త్రీ చొక్కా లేకుండా కనబడడు, చూస్కోండి! ఇత్తడి బొత్తాలు, భుజాల మీద ఎర్ర కుచ్చులు! పెద్దపెద్దవాళ్ళు కార్లు దిగుతుంటే ఈయన ఊదాలట!"

ప్రయాణానికి ముందు వారం మామయ్య ఒడ్డుకి లాగే అలివి వల పడవ మీద వెళ్ళాడు. తెడ్డు పట్టేవాడు జ్వరంతో పడుకున్నాడు.

"ఇంక ఆ పని నీకెందుకు? మానెయ్యి" అంది అత్తయ్య.

"ఈ ఒక్కరోజుకేనే. పాపం వాళ్ళెవరిని పట్టుకొస్తారు ఇప్పటికిప్పుడు?" అన్నాడు మామయ్య.

ఒడ్డు ఇంకా కాస్త దూరముందనగా ఒక కెరటం పడవని పక్కనుంచి కొట్టింది. చేతిలోంచి జారిన పెద్ద తెడ్డు గిర్రున తిరిగొచ్చి మూతి మీద తగిలింది. మామయ్యని దింపేసరికి చొక్కా అంతా నెత్తురు. పై వరస ముందు పళ్ళు ఒక్కటీ మిగల్లేదు.

బాకా ఊదేవాడికి ముందు పళ్ళు పోవడమంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పెదవికి ఆనిక ఉండదు. ఊపిరి బుస్సుమని పోతుందే తప్ప స్వరం పలకదు. పోలీసు మేళంలో ఆ చోటికి ఇంకెవరో వెళ్ళారు. ఇత్తడి బొత్తాల మాట అత్తయ్య మళ్ళీ ఎత్తలేదు.

మామయ్య చర్చికి రావడం మానేశాడు. పాస్టరుగారు ఇంటికొస్తే పెరటి దారిన ఉప్పుకయ్య వైపు జారుకునేవాడు. ఇంట్లో ప్రతిదానికీ చిర్రుబుర్రులాడేవాడు. కూరలో బెండకాయ జిగురు చాలలేదని ఒకరోజు, ఎక్కువైందని మర్నాడు. కొన్నాళ్ళు ఓర్చుకుని ఒక మధ్యాహ్నం అత్తయ్య గరిటె కింద పెట్టేసింది.

"చూడయ్యా, నీ కోపం నా కూర మీద కాదు. దేవుడి మీద. అవునా?"

మామయ్య కంచం పక్కకి తోశాడు.

"మరైతే వెళ్ళి ఆయన్నే అడుగు. ఆయనిల్లు ఎక్కడుందో నీకు తెలీదా? పో, ఆ గుళ్ళో నిలబడి ఎంత పోట్లాడతావో పోట్లాడు. నా మీద పడకు."

నేనప్పుడు తప్పిపోయిన మేకపిల్లని వెతుక్కుంటూ చర్చి వెనకాల ఉన్నాను. మామయ్య విసవిసా లోపలికి వెళ్ళడం చూశాను. కిటికీ కింద నక్కి విన్నాను. లోపల ఖాళీ బల్లల మధ్య నిలబడి చేతులు గాల్లో ఊపుతూ అరుస్తున్నాడు.

"పళ్ళే దొరికాయా నీకు? కాలు తీసుకోకూడదూ? కుంటుకుంటూ ఊదేవాణ్ణి కదా! కన్ను తీసుకోకూడదూ? ఒంటికన్నుతో ఊదేవాణ్ణి! నేనేం తప్పు చేశాను? నీ పాటేగా నేను ఊదింది? చెప్పు! మాట్లాడవేం?"

మామయ్య ఒళ్ళు మండి, మూలనున్న పెద్ద డ్రమ్ముని కాలితో ఫెడీమని తన్నాడు. అది 'ధోం' అంది. ఆ దెబ్బకి రేకుల కప్పు అదిరి, పైన కాపురమున్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచి అతని నెత్తి మీంచి బయటికి పోయాయి. మామయ్య ముందు బెదిరిపోయి, ఆ తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. అలా నవ్వుతూ నవ్వుతూనే బల్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ ఏడుపు గురించి ఎన్నో ఏళ్ళ తర్వాత నేనే అడిగాను.

"ఆరోజు దేవుడేమన్నా చెప్పాడా మామయ్యా?"

"ఏమీ చెప్పలేదే. కానీ నేనంతసేపు నోటికొచ్చినట్టు తిట్టినా ఆయన లేచి వెళ్ళిపోలేదు. అది తెలిసింది. నాకు ఆపూటకి అది చాలింది."

ఆ ఆదివారం మామయ్య మేళంలో డ్రమ్ము మెడకి తగిలించుకున్నాడు. 'స్తోత్రం' అనబోతే నోట్లోంచి 'థ్తోత్రం' అని వచ్చింది. పిల్లలం కిసుక్కుమన్నాం. మామయ్య మావైపు తిరిగి, చిగుళ్ళన్నీ కనిపించేలా నోరు తెరిచి మరోసారి గట్టిగా "థ్తోత్రం!" అన్నాడు. చర్చి మొత్తం గొల్లుమంది.

దెబ్బలు అక్కడితో ఆగాయా అంటే, లేదు. కొన్నేళ్ళకి చేపలు పడమటి వైపు పోయాయి. చేపల వెనకాలే మా ఊరి మగపిల్లలంతా అబిజాన్ దాకా పోయారు. మేళంలో వాయించేది వాళ్ళే. ఇత్తడి వాయిద్యాలన్నీ చర్చి గోడకి మేకుల మీద వేలాడుతూ ఉప్పుగాలికి పచ్చబారాయి. మేళమంటే ఇంక మామయ్య, అతని డ్రమ్ము. శవయాత్రల్లో ఒక్కడే 'ధోం ధోం' అనుకుంటూ ముందు నడిచేవాడు. మా సంఘ పెద్ద ఆటిపో తాత సభలో లేచి, "ఊదేవాళ్ళు లేని బాకాలు మనకెందుకు? పక్క ఊరి సంఘానికి ఇచ్చేద్దాం" అన్నాడు.

"ఇంకొక్క ఏడాది ఆగండి తాతా" అన్నాడు మామయ్య.

"ఆగితే? గోడ మీద వాటంతటవే ఊదుకుంటాయా?"

"నాకూ తెలీదు. దేవుడికి తెలుసేమో అడుగుతున్నాను."

ఆ రోజుల్లోనే ఒకసారి మామయ్య అన్నానికని పొగపొయ్యిల దగ్గరికి వచ్చాడు. మేం ఆడపిల్లలం అత్తయ్య దగ్గర పనిచేస్తున్నాం. కొబ్బరి పీచు తడిగా ఉంది, నిప్పు రాజుకోవడం లేదు. ఊదుగొట్టాలు నోట పెట్టి అందరం ఊదుతున్నాం. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు, ముఖాల నిండా మసి. ఎంతకీ వదలకుండా ఊదితే పొయ్యి భగ్గుమంది. మామయ్య తింటున్న చప్పుడు లేకపోయేసరికి వెనక్కి తిరిగి చూశాను. మామయ్య మొక్కజొన్న అక్ప్లె ముద్ద చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పులుసు మోచేతి మీంచి కారుతోంది.

"ఎన్యోనం!" అని పెద్ద కేక వేశాడు. "ఈ పిల్లల ఊపిరి చూశావటే!"

"రోజూ చూస్తూనే ఉన్నాను. ఇప్పుడేమైందీ?"

"ఎక్కడ దొరుకుతాయే ఇలాంటి తిత్తులు? అబిజాన్ పోయినవాళ్ళలో ఒక్కడికైనా ఉందా ఇంత దమ్ము?"

ముద్ద అక్కడే పడేసి చర్చికి పరిగెత్తాడు. తిరిగొచ్చేటప్పుడు చేతులనిండా, మెడనిండా బాకాలే. నా చేతిలో ఒకటి పెట్టి, "డెలాలీ, నిప్పు ఊదినట్టే ఊదు" అన్నాడు. ఊదాను. దూడ అరిచినట్టు ఏదో మోత వచ్చింది. మామయ్య ఎగిరి గంతేశాడు.

ఆటిపో తాతకి కబురు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"అగ్బెకో! నీకు పళ్ళతోపాటు బుద్ధి కూడా ఊడిందా? ఆడపిల్లలు బాకాలూదుతారా? రేపు వీళ్ళకి పెళ్ళిళ్ళవుతాయా? పెదాలు వాచి కప్పల్లా తయారవుతారు!"

అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచే అంది: "మా పెదాల సంగతి మేం చూసుకుంటాం తాతా. మీరు మీ చెవులు చూసుకోండి. ఇప్పుడే మొదలెట్టాం, ఇంకా చాలా భరించాలి."

భరించారు పాపం. పళ్ళు లేని గురువు ఊది చూపించలేడు. పాడి చూపించేవాడు, డ్రమ్ము మీద వాయించి చూపించేవాడు, గెంతి చూపించేవాడు. ఉప్పుకయ్యలో మెడలోతు నిలబెట్టి ఊపిరి బిగబట్టించేవాడు. మట్టలాదివారం నాడు మొదటిసారి ఊరేగింపులో ఊదాం. పాస్టరుగారి మేక తాడు తెంపుకుని సముద్రం వైపు పారిపోయింది. ట్రాంబోన్ పట్టుకున్న ఆకు అనే పిల్ల దాని గొట్టాన్ని ముందుకు జాపీ జాపీ ఒక ముసలాయన టోపీ ఎగరగొట్టింది. మేం సిగ్గుతో చచ్చిపోయాం. మామయ్య మాత్రం దారి పొడుగునా కళ్ళలో నీళ్ళతో డ్రమ్ము వాయిస్తూనే ఉన్నాడు. "బాగుంది! బాగుంది! దేవుడికి అర్థమైంది, పదండి!" అంటున్నాడు.

మరుసటి ఏడు సంఘం వాళ్ళు మామయ్యకి ఆశ పుట్టించారు. పట్నంలో కట్టుడు పళ్ళు చేయించి తెచ్చారు. ఈస్టర్ సోమవారం ఊరంతా సముద్రపొడ్డున వంటలు చేసుకుంటున్నాం. మామయ్య ఆ పళ్ళు పెట్టుకుని తన పాత బాకా చేతిలోకి తీసుకున్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. అత్తయ్య రెండు చేతులతో గుండె పట్టుకుంది. మామయ్య ఊదాడు. ఆ స్వరం! ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ స్వరం! కింద స్వరాలు తేనెలా వచ్చాయి. ఇంక పైకి ఎక్కాడు, ఇంకా పైకి... అక్కడ పళ్ళ సెట్టు ఫట్మని ఎగిరి ఇసకలో పడింది. ఎవరిదో కుక్క దాన్ని ఎముక అనుకుని నోట కరుచుకుని పరుగు లంకించుకుంది.

"పట్టుకోండి! పట్టుకోండి!" అని ఊరు ఊరంతా కుక్క వెనకాల పరిగెత్తింది. పాస్టరుగారు పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. కుక్క తిన్నగా నీళ్ళలోకి దిగి, అక్కడ దాన్ని వదిలేసి, ఒళ్ళు దులుపుకుంటూ బయటికొచ్చింది. కెరటం మిగతా పని చూసుకుంది. అందరం భయంభయంగా మామయ్య వైపు చూశాం. మామయ్య కడుపు పట్టుకుని ఇసకలో దొర్లుతూ నవ్వుతున్నాడు. నవ్వయ్యాక బాకా తుడిచి నా చేతికిచ్చాడు.

"ఇంక ఇది నీదే తల్లీ. మళ్ళీ నన్ను అడగనివ్వకు" అన్నాడు.

అప్పటికి మేం నిజంగానే మేళమయ్యాం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి శవయాత్రలకి, పెళ్ళిళ్ళకి పిలుపులు వచ్చేవి. చేపలతోపాటు అబిజాన్ నుంచి తిరిగొచ్చి, కప్పలమని వెక్కిరించిన మగపిల్లలే ఇప్పుడు మా వెనకాల తిరిగేవాళ్ళు.

ఇంక ఆ హర్మటాన్ నాటి సంగతి చెప్పాలి.

ఎడారి దుమ్ము మోసుకొచ్చే ఆ గాలి ఏటా వస్తుంది. పెదాలు పగులుతాయి, సూర్యుడు చంద్రుడిలా పాలిపోతాడు, అంతే. ఆ ఏడు మాత్రం దుమ్ముకి సముద్రపు మంచు కూడా తోడైంది. ఆ ఉదయం మేం తెల్లబట్టలు కట్టుకుని అబ్లా అవ్వ శవయాత్రకి తయారుగా ఉన్నాం. నిండు నూరేళ్ళు బతికిన మనిషి కాబట్టి ఏడుపులు తక్కువ, ఆటపాటలు ఎక్కువ. పెట్టె చర్చి వాకిట్లోకి వచ్చింది. మామయ్య డ్రమ్ము కర్ర ఎత్తాడు. అంతలో ఒడ్డు వైపు నుంచి ఆడవాళ్ళు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చారు.

"పడవలు! పడవలు కనబడటం లేదు! సముద్రమే కనబడటం లేదు!"

వేకువన ఆకాశం బాగానే ఉండటంతో పడవలన్నీ వేటకి పోయాయి. ఆ తర్వాత దుమ్ము దిగింది. చాచిన చెయ్యి తప్ప ఏమీ కనిపించడం లేదు. మామూలు ఒడ్డయితే ఇంత భయం ఉండదు. సముద్రం మింగేసిన మా పాత వీధి గోడలు నీళ్ళ కింద ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి మధ్య ఉన్న సందే మా రేవు. ఆ సందు తప్పి కెరటం మీద దూసుకొస్తే పడవ కొబ్బరిచిప్పలా పగులుతుంది. కెరటాల హోరు ఒడ్డు పొడుగునా ఒకేలా వినిపిస్తుంది, మరి సందు ఎక్కడుందని తెలిసేది ఎలా? మా అన్నయ్య ఒక పడవలో ఉన్నాడు. అత్తయ్య తమ్ముడు కఫుయ్ ఇంకో పడవలో ఉన్నాడు.

మామయ్య పెట్టె వైపు చూశాడు, ఒడ్డు వైపు చూశాడు. అబ్లా అవ్వ కూతురు ముందుకొచ్చింది.

"ఏం చూస్తున్నావ్ అన్నా? అమ్మకేం తొందర లేదు. వాళ్ళకే తొందర. ఆ బాకాలు తీసుకుని పరిగెత్తండి!"

పరిగెత్తాం! తెల్లబట్టలు ఎగ్గట్టి, బాకాలు భుజాన వేసుకుని, ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తాం. మామయ్య పెద్ద డ్రమ్ముని నెత్తికెత్తుకుని అందరికంటే ముందున్నాడు. సందుకి ఎదురుగా, నీళ్ళు మోకాళ్ళకి తగిలేచోట మమ్మల్ని ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టాడు. ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, మోత మేం చేస్తాం. దారి నువ్వే చూపించు" అన్నాడు. అంతే ప్రార్థన. కళ్ళు తెరిచి, "డెలాలీ! వల లాగేటప్పుడు మగాళ్ళు పాడే ఆ కీర్తన! నిప్పు ఊదినట్టు ఊదండే!" అని అరిచాడు.

ఊదాం. ఎదురుగా బూడిదరంగు గోడ. మా స్వరం ఆ గోడలోకి పోతోంది, తిరిగి ఏమీ రావడం లేదు. కీర్తన అయిపోతే మళ్ళీ మొదలు, మళ్ళీ మొదలు. కెరటం వచ్చి తోస్తే ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఊదాం. పగిలిన పెదాల్లోంచి నెత్తురు బాకా మూతిలోకి దిగి ఉప్పగా తగిలింది. ఆకు ఏడుస్తూనే ట్రాంబోన్ లాగుతోంది. ఎప్పుడొచ్చాడో ఆటిపో తాత నడుంలోతు నీళ్ళలోకి వచ్చి, కర్ర గాల్లో ఊపుతూ అరుస్తున్నాడు.

"ఇంతేనా మీ దమ్ము? ఇంకా గట్టిగా ఊదండే కప్పల్లారా! ఇంకా గట్టిగా!"

సరిగ్గా అప్పుడు డ్రమ్ము తోలు పగిలింది. తడిసిన తోలు కర్ర దెబ్బకి చర్రుమని నిలువునా చీలిపోయింది. మామయ్య నిలబడిపోయాడు. దూరానికి పోయేది ఆ డ్రమ్ము మోతే కదా!

"ఏయ్! ఆగిపోయావేం?" అంది అత్తయ్య. చేపలు కడిగే పెద్ద అల్యూమినియం పళ్ళెం, ఒక రోకలి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. ఆమె వెనకాల ఊళ్ళోని ఆడవాళ్ళందరూ పళ్ళేలు, మూకుళ్ళు, రేకులు పట్టుకుని దిగారు. మామయ్య చేతులెత్తి తాళం చూపించాడు. ఒక్కసారిగా 'ఘణాం!' ఆ మోతకి నా ఎముకలు అదిరాయి.

అప్పుడు వినిపించింది.

మొదట నా చెవుల్లో హోరే అనుకున్నాను. మామయ్య చెయ్యి పైకెత్తాడు. అందరం ఆపేశాం. ఆ బూడిదరంగు లోపలెక్కడినుంచో, చాలా సన్నగా, మగగొంతుకలు. మా కీర్తనే! రెండో చరణం పాడుతున్నారు!

"ఊదండి! ఆపకండి! ఊదండి!"

ఏం ఊదామో, ఎలా ఊదామో దేవుడికే ఎరుక. గోడలోంచి ఒక పడవ ముక్కు పొడుచుకొచ్చింది. తిన్నగా సందులోంచి కెరటం మీద ఎగిరి మా పక్కనే ఇసకలోకి దూసుకొచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి! మా అన్నయ్య పడవలోంచి దూకి అమ్మ కాళ్ళ మీద పడ్డాడు. ఇంజిన్లు ఆపేసి చెవులు రిక్కించి, ఎవరి పడవకి వాళ్ళు మా కీర్తన అందుకుంటూ తెడ్లు వేసుకుంటూ వచ్చారట.

కఫుయ్ ఉన్న పడవ ఒక్కటే రాలేదు.

మామయ్య పళ్ళెం వాయిస్తూ ఉండిపోయాడు. మా పెదాలు వాచి ఇంక గాలి కూడా బయటికి రావడం లేదు. పొద్దు వాలేవేళకి పాస్టరుగారు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు ఆపాడు. అత్తయ్య ఇసకలో కూర్చుని సముద్రం వైపే చూస్తోంది. మామయ్య వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

అబ్లా అవ్వని ఆ సాయంత్రమే సాగనంపాం. మాకు ఊదే ఓపిక లేదు. ఒడ్డు చేరిన మగాళ్ళు తడి బట్టలతోనే పెట్టె ఎత్తుకుని, ఊరు అదిరేలా పాడుకుంటూ తీసుకెళ్ళారు.

ఆదివారం చర్చి కిటకిటలాడిపోయింది. సాక్ష్యం చెప్పమని మామయ్యని ముందుకి పిలిచారు. అతను నోరు తెరిచేలోపే ఆటిపో తాత లేచాడు.

"అగ్బెకో! దేవుడు నీ పళ్ళు ఎందుకు తీసుకున్నాడో ఇప్పుడైనా తెలిసిందా? నువ్వు పోలీసు మేళానికి పోయుంటే ఈ పిల్లలెక్కడ, ఈ బాకాలెక్కడ? మన పడవల కోసమే తీసుకున్నాడు!"

అందరూ "ఆమేన్!" అన్నారు. మామయ్య తల అడ్డంగా ఊపాడు.

"లేదు తాతా. నా పళ్ళు తెడ్డు తీసుకుంది. దేవుడు తీసుకున్నాడని నేననను. అలాగంటే, కఫుయ్‌ని ఎందుకు తీసుకున్నాడని మా ఆవిడ అడిగితే నేనేం చెప్పాలి? నాకు తెలిసిందల్లా ఇంతే. పళ్ళు పోయిన రోజున ఆయన నన్ను వదల్లేదు. మేళం పోయిన రోజున వదల్లేదు. డ్రమ్ము పగిలినప్పుడు నా పెళ్ళాం చేత పళ్ళెం పట్టించాడు. కఫుయ్ ఇంకా రాలేదు. వస్తాడో రాడో నాకు తెలీదు. రాకపోయినా వచ్చే ఆదివారం నేనిక్కడే ఉంటాను. ఏడుస్తూనైనా వాయిస్తాను. ఇంకెక్కడికి పోతాను?"

ఎవరూ ఆమేన్ అనలేదు. అత్తయ్య తల వంచుకుని ఉంది. పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో రోడ్డు మీద లారీ హారన్ వినిపించింది. ఒకటే మోత, ఆపకుండా. డ్రైవరు తాగి ఉన్నాడేమో అనుకున్నాం. హారన్ దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి చర్చి వాకిట్లో ఆగింది. తలుపు దగ్గరున్నవాళ్ళు బయటికి చూసి కెవ్వుమన్నారు. సిమెంటు బస్తాల మీద, ముఖాలన్నీ తెల్లగా బూడిద పూసుకున్నట్టున్న మనుషులు, నవ్వుతూ చేతులూపుతూ! ముందు దూకినవాడు కఫుయ్!

"అక్కా! ఆకలేస్తోందే! లోమేలో ఒక్కడూ సరైన అక్ప్లె పెట్టలేదు!"

ఇంజిన్ మోతలో వాళ్ళకి మా బాకాలు వినపడలేదట. తూర్పు ప్రవాహం వాళ్ళని మోసుకుపోయి, సరిహద్దు అవతల లోమే దగ్గర టోగో ఒడ్డున ఇసకలో దింపిందట. ఆ మాటలన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఎవరేం చెప్తున్నారో ఎవరికీ వినపడలేదు. అత్తయ్య బల్లల మీంచి దూకుతూ వెళ్ళి, తమ్ముణ్ణి ఒక్క చెంపదెబ్బ కొట్టి, మళ్ళీ గట్టిగా కౌగిలించుకుని, ఆ సిమెంటు అంతా తన ఆదివారం బట్టలకి పులుముకుంది. పాస్టరుగారు "కూర్చోండి, కూర్చోండి, ప్రార్థన!" అంటూ తనే గెంతుతున్నారు. ఆటిపో తాత కర్ర పారేసి ఎవరినో పట్టుకుని తిరుగుతున్నాడు.

నేను మామయ్య కోసం చూశాను. అతను మోకాళ్ళ మీద లేడు, చేతులు జోడించి లేడు. కొత్త తోలు ఇంకా బిగించని ఆ డ్రమ్ము ఖాళీ చట్రాన్నే మెడకి తగిలించుకుని, రెండు చేతులతో దాని చెక్క అంచుని ఎడాపెడా వాయిస్తున్నాడు.

"డెలాలీ! పెదవి ఎలా ఉంది?" అని అరిచాడు.

"ఇంకా వాచే ఉంది మామయ్యా!"

"పర్లేదు! ఊదు!"